బ్యాక్‌ప్యాక్‌తో బ్రిటన్: అప్పు లేకుండా ఇరవై ఒక్క రోజులు

ప్రశ్న: నా వయసు 27. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. చేతికి వచ్చే జీతం 64,000. ఇంటికి 12,000 పంపుతాను. గది అద్దె, తిండి, రాకపోకలకు 24,000 అవుతుంది. సిప్‌లో 8,000 వేస్తున్నాను. బ్యాంకులో 1,90,000 ఎఫ్‌డీ ఉంది. వచ్చే ఏడాది సెప్టెంబరులో వీపున సంచి తగిలించుకుని మూడు వారాలు బ్రిటన్‌లోని పాత నగరాలు, పల్లెలు చూసి రావాలని కోరిక. లండన్, ఆక్స్‌ఫర్డ్, స్టోన్‌హెంజ్, బాత్, కార్డిఫ్, లివర్‌పూల్, యార్క్, లేక్ డిస్ట్రిక్ట్, ఎడిన్‌బరో, ఇన్వర్‌నెస్ అని పది చోట్లు రాసుకున్నాను. మూడు లక్షలు పర్సనల్ లోన్ తీసుకుని ఈ ఏడాదే వెళ్ళమని స్నేహితురాలు అంటోంది. ఆ డబ్బుతో బంగారం కొనుక్కోమని అమ్మ అంటోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: వెళ్ళండి. 27 ఏళ్ళకు మోకాళ్ళు సహకరిస్తాయి, పదిమంది పడుకునే గదిలో నిద్ర పడుతుంది, ఇంటి బాధ్యతలు ఇంకా మెడకు చుట్టుకోలేదు. ఇలాంటి ప్రయాణానికి పెట్టే డబ్బును నేను వృథా ఖర్చు కింద రాయను. అయితే లోన్ మాత్రం వద్దు.

ఎందుకు వద్దంటున్నానో లెక్క చూడండి. మూడు లక్షలను 15 శాతం వడ్డీకి, మూడేళ్ళ గడువుకు తీసుకుంటే నెలకు దాదాపు 10,400 కట్టాలి. అసలు పోగా వడ్డీయే 74,000 దాటుతుంది. పౌండుకు 120 రూపాయలు అనుకుంటే అది 620 పౌండ్లు. హాస్టల్లో మంచం రాత్రికి 32 పౌండ్ల చొప్పున 19 రాత్రులు వస్తుంది. మీరు అక్కడ ఉండబోయేది 20 రాత్రులు. అంటే ఒక్క ఏడాది ఆగలేకపోయినందుకు ప్రయాణం మొత్తానికీ పడక ఖర్చు రెండోసారి కడుతున్నట్టు. పైగా తిరిగి వచ్చాక మూడేళ్ళపాటు నెలనెలా 10,400 పోతుంటే, మొదట ఆగిపోయేది మీ సిప్పే.

ఎఫ్‌డీ జోలికీ వెళ్ళకండి. ఇంటికి పంపేదీ, మీ ఖర్చులూ కలిపితే నెలకు 36,000. అయిదు నెలలకు 1,80,000. మీ ఎఫ్‌డీ సరిగ్గా ఆ గండం గట్టెక్కించేంతే ఉంది. ఉద్యోగం పోయినా, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోయినా ఆదుకునేది అదొక్కటే. అమ్మగారి మాట కూడా తీసిపారేసేది కాదు. కూతురు నాలుగు రాళ్ళు వెనకేసుకోవాలన్నదే ఆమె తాపత్రయం. సిప్, ఎఫ్‌డీ రెండూ కదలకుండానే వెళ్ళి వస్తానని కాగితం మీద రాసి చూపించండి.

ఇక అసలు ప్రశ్న. మీ లెక్క ప్రకారం నెలకు 20,000 మిగలాలి. నిజంగా మిగులుతోందా? ఎఫ్‌డీ 1,90,000 దగ్గరే ఉందంటే ఆ 20,000 ఎక్కడో కారిపోతోంది. సెప్టెంబరుకు ఇంకా 14 నెలలుంది. నెలకు 20,000 చొప్పున పక్కన పెడితే 2,80,000 అవుతుంది, వడ్డీ అదనం. ఇంత తక్కువ కాలానికి షేర్ల ఫండ్లు పనికిరావు. జీతం పడిన మర్నాడే కోత పడేలా రెండు ఆర్‌డీలు పెట్టుకోండి. మొదటిది ఎనిమిది నెలలకు తెరవండి. ఆ 1,60,000తో విమానం టికెట్, వీసా, రైలు టికెట్లు అయిపోతాయి. మిగిలిన ఆరు నెలలకు రెండోది. మూడు నెలలు గడిచాక 20,000 కష్టమై 15,000 దగ్గర ఆగితే కంగారు పడకండి, ప్రయాణాన్ని ఆ తర్వాతి మే నెలకు జరపండి. మే కూడా ఆ దేశంలో నడకకు అనువైన నెలే. జులై చివరి నుంచి ఆగస్టు దాకా మాత్రం వద్దు. అక్కడ బడి సెలవులు, ఎడిన్‌బరోలో ఉత్సవాలు. హాస్టల్ మంచాల ధరలు చుక్కలనంటుతాయి.

నేను వేసిన లెక్క ఇది. విమానం 65,000. వీసా ఖర్చులు 18,000 (ఆరు నెలల సందర్శక వీసా రుసుము 2025 ఏప్రిల్‌లో 127 పౌండ్లు అయింది, పెంచుతూనే ఉంటారు కనుక కొంత ఎక్కువ వేశాను). బీమా 3,000. పడక 76,800. రైళ్ళు, బస్సులు 25,200. తిండి రోజుకు 20 పౌండ్ల చొప్పున 50,400. ప్రవేశ టికెట్లు 10,800. ఊళ్ళలో తిరగడానికి 4,800. మొత్తం 2,54,000. చేతిలో 26,000 ఉంచుకుంటే 2,80,000.

ఈ లెక్క పది ఊళ్ళకు సరిపోదు, ఆరింటికే సరిపోతుంది. బ్రిటన్‌లో డబ్బు తినేది చూసే చోట్లు కాదు, పరుగు. ఊరు మారిన ప్రతిసారీ రైలు టికెట్, సామాను దాచే ఖర్చు, ఆకలేసి స్టేషన్లో కొనే తిండి, సగం రోజు నష్టం. మీ జాబితా నుంచి ఆక్స్‌ఫర్డ్, కార్డిఫ్, లివర్‌పూల్, ఇన్వర్‌నెస్, స్టోన్‌హెంజ్ తీసేయండి. ఉత్తర ఇంగ్లండ్‌లో రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడను చేర్చండి. లండన్లో 4 రాత్రులు, బాత్‌లో 3, యార్క్‌లో 4, గోడ దగ్గర 2, లేక్ డిస్ట్రిక్ట్‌లో 4, ఎడిన్‌బరోలో 3. లండన్లో దిగి ఎడిన్‌బరో నుంచి తిరుగు విమానం ఎక్కితే వెనక్కి వచ్చే రైలు ఖర్చు తప్పుతుంది.

రైలుకు మీ వయసువాళ్ళ కోసం 26–30 రైల్‌కార్డ్ ఉంది. ధర 35 పౌండ్లు, టికెట్ మీద మూడో వంతు తగ్గింపు, పాస్‌పోర్టుతో మనమూ తీసుకోవచ్చు. 195 పౌండ్ల టికెట్లు 130కి వస్తాయి, కార్డు ధర పోను 30 పౌండ్లు మిగులు. పనిదినాల్లో ఉదయం పది లోపు ఎక్కితే 12 పౌండ్ల కనీస ఛార్జీ ఉంటుంది కనుక పది దాటాక బయలుదేరండి. పది, పన్నెండు వారాల ముందు అడ్వాన్స్ టికెట్లు కొంటేనే ఈ ధరలు. ఆ రోజు స్టేషన్‌కు వెళ్ళి కొంటే రెట్టింపు పైనే పడవచ్చు.

ఉచితంగా దొరికేవాటి గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మీ బడ్జెట్ నిలబడేది వాటి మీదే. లండన్లోని జాతీయ మ్యూజియంలకు ప్రవేశ రుసుము లేదు. బ్రిటిష్ మ్యూజియంలో 33ఎ గదికి తప్పక వెళ్ళండి. మన కృష్ణా తీరపు అమరావతి స్తూపం పలకలు అక్కడున్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవాటిలో చాలా భాగం అక్కడికే చేరింది. పల్నాటి సున్నపురాయి మీద పూర్ణకుంభాలు, స్తూపానికి మొక్కే జనం. టికెట్ లేదు, తొందర లేదు. ఒక పూట దానికే ఉంచుకోండి.

కొన్నేళ్ళ క్రితం సెప్టెంబరులో నేను యార్క్ వెళ్ళాను. ఊరి చుట్టూ ఉన్న పాత కోటగోడ 3.4 కిలోమీటర్ల మేర నడవడానికి తెరిచి ఉంటుంది, పైసా అడగరు. ఆ ఊళ్ళో కోట ద్వారాన్ని బార్ అంటారు. బూథమ్ బార్ దగ్గర మెట్లెక్కి మంక్ బార్ దాకా నడిస్తే, ఒక పక్క ఇళ్ళ పెరళ్ళలో ఆపిల్ చెట్లు, మరో పక్క మిన్‌స్టర్ అనే పెద్ద చర్చి గోపురాలు. ఆ చర్చి లోపలికి వెళ్ళి చూడటానికి టికెట్ 20 పౌండ్లకు అటూ ఇటూ ఉంటుంది. కానీ సాయంత్రం ఈవెన్‌సాంగ్ అనే ప్రార్థన జరిగేటప్పుడు ఎవరైనా ఉచితంగా వచ్చి కూర్చోవచ్చు. నన్ను గాయకుల పక్కనే చెక్కిన కర్ర బల్లల మీద కూర్చోబెట్టారు. చిన్న దీపాలు, తెల్లని అంగీలు వేసుకున్న పిల్లలు. పాట ఆగిన తర్వాత కూడా పైకప్పు కింద ఆ స్వరం కాసేపు తిరుగుతూ ఉంది. ఆ ముప్పావు గంటకు నా ఖర్చు పుస్తకంలో సున్నా రాసుకున్నాను. లండన్లోని వెస్ట్‌మిన్‌స్టర్ అబీలోనూ ఈ ప్రార్థనకు టికెట్ ఉండదు. అది పూజ కనుక ఫోటోలు తీయకుండా, చివరిదాకా కూర్చోండి.

పల్లెల్లో అయితే నడక దారులే అసలు సంపద. ఇంగ్లండ్, వేల్స్‌లో పొలాల మధ్యనుంచి, గొర్రెల దొడ్ల పక్కనుంచి వెళ్ళే దాదాపు 2,25,000 కిలోమీటర్ల దారుల్లో నడిచే హక్కు అందరికీ ఉంది. కొండల్లోకి వెళ్ళే స్వేచ్ఛ మాత్రం ఊరికే రాలేదు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ ప్రాంతపు కార్మికులు భూస్వాముల ఆంక్షలను ధిక్కరించి కిండర్ స్కౌట్ కొండ ఎక్కారు, కొందరు జైలుకు వెళ్ళారు. 1949లో జాతీయ పార్కుల చట్టం వచ్చింది, 1951లో ఆ కొండ ఉన్న పీక్ డిస్ట్రిక్ట్ మొదటి జాతీయ పార్కు అయింది. ఈరోజు మీరు గేటు తీసుకుని లోపలికి వెళ్ళి, మళ్ళీ గేటు వేసి ముందుకు సాగగలుగుతున్నారంటే అందులో వాళ్ళ వాటా ఉంది. గేటు వేయడం మరవకండి, గొర్రెలు బయటికి పోతాయి.

క్రీ.శ. 122లో కట్టడం మొదలుపెట్టిన హేడ్రియన్ గోడ 117 కిలోమీటర్ల పొడవు. దాని వెంట నడవడానికి డబ్బు కట్టనక్కరలేదు, కోటల్లోకి వెళితేనే టికెట్. వేసవి నెలల్లో గోడ మధ్య భాగం వెంట ఒక బస్సు తిరుగుతుంది, దాని నంబరే ఏడీ122. లేక్ డిస్ట్రిక్ట్‌లో 555 నంబరు బస్సు మేడ మీద ముందు సీటు పట్టుకోండి. విండర్‌మియర్, ఆంబుల్‌సైడ్, గ్రాస్‌మియర్, కెజిక్ అన్నీ వరుసగా కిటికీలోంచి వస్తాయి. ఇంగ్లండ్‌లో చాలా బస్సుల్లో ఒకవైపు ఛార్జీ 3 పౌండ్లు దాటకుండా పరిమితి పెట్టారు, దాన్ని 2027 మార్చి వరకు పొడిగించారు. ఆ తేదీ తర్వాత వెళితే బస్సులకు మరో 20 పౌండ్లు వేసుకోండి.

ఒక్క చోట మాత్రం చేయి కట్టేసుకోకండి. బాత్‌లోని రోమన్ స్నానఘట్టాల టికెట్ ఖరీదైనదే అయినా కొనండి. పచ్చని నీళ్ళ మీద ఆవిరి లేవడం చూడటానికి వేరే దారి లేదు. రాయల్ క్రెసెంట్ ముప్పై ఇళ్ళ వంపు బయటనుంచి ఉచితమే.

తిండికి రోజుకు 20 పౌండ్లు చాలవనుకుంటున్నారా? వంటగది ఉన్న హాస్టళ్ళు ఎంచుకుంటే చాలు. 1930లో మొదలైన వైహెచ్‌ఏ (యూత్ హాస్టల్స్ అసోసియేషన్) హాస్టళ్ళలో చాలావాటిలో పొయ్యిలు, గిన్నెలు ఉంటాయి. వెళ్ళిపోయేవాళ్ళు మిగిలిన బియ్యం, నూనె, ఉప్పు అందరూ వాడుకునేలా ఒక అరలో పెట్టి పోతుంటారు. ముందు అది చూసి తర్వాత కొట్టుకు వెళ్ళండి. ఎర్ర కందిపప్పు, బియ్యం చవక. సాయంత్రం వేళ సూపర్‌మార్కెట్లలో గడువు దగ్గరపడిన సరుకుల మీద పసుపు చీటీలు అంటించి ధర తగ్గిస్తారు. మంచినీళ్ళు కొళాయివే తాగవచ్చు. మీరు ఇంటి నుంచి మోసుకెళ్ళాల్సింది కారప్పొడి ఒక్కటే.

హాస్టల్లో పనిచేసి ఊరికే మంచం తీసుకోవచ్చని ఎవరైనా చెబితే వినకండి. సందర్శక వీసా మీద జీతం లేని పని కూడా పనే. పట్టుబడితే తర్వాతి వీసాలన్నీ చిక్కుల్లో పడతాయి. గుడారం సలహా కూడా అంతే. స్కాట్లండ్‌లో 2003 చట్టం ప్రకారం కొండల్లో గుడారం వేసుకోవచ్చు, ఇంగ్లండ్‌లో డార్ట్‌మూర్ లాంటి చోటు తప్ప భూమి యజమాని అనుమతి కావాలి.

కార్డు విషయం జాగ్రత్త. మామూలు క్రెడిట్ కార్డు మీద 3.5 శాతం మార్కప్ (విదేశీ ఖర్చు మీద బ్యాంకు వేసే అదనపు రుసుము), దానిమీద జీఎస్టీ వేస్తే, అక్కడ పెట్టే 1,68,000 మీద దాదాపు 7,000 పోతుంది. మార్కప్ లేని కార్డు, లేదా పౌండ్లు నింపిన ఫారెక్స్ కార్డు తీసుకోండి. ఏడాదికి 10 లక్షల లోపు కనుక ఫారెక్స్ కార్డు మీద టీసీఎస్ (ముందే వసూలు చేసే పన్ను) భయం లేదు. చెల్లించే యంత్రం రూపాయల్లోనా, పౌండ్లలోనా అని అడిగితే ఎప్పుడూ పౌండ్లే నొక్కండి. ఒక దుకాణంలో అలవాటుగా రూపాయలు నొక్కి, రాత్రి లెక్క చూసుకుంటే ఒక పూట భోజనం డబ్బు ఎక్కువ పోయినట్టు తేలింది.

బీమా లేకుండా విమానం ఎక్కవద్దు. అక్కడ అత్యవసర విభాగంలో చికిత్స ఉచితమే అయినా, ఆస్పత్రిలో చేర్చుకుంటే సందర్శకులకు బిల్లు వేస్తారు. కొండ నడకకు వర్తిస్తుందో లేదో పాలసీ పత్రంలో చదివాకే కొనండి. కొండల్లో చిక్కుకుంటే వచ్చి కాపాడే మౌంటెన్ రెస్క్యూ బృందాలు స్వచ్ఛంద సేవకులవి, డబ్బు అడగరు.

వీసాకు ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. అప్పటికి మీ ఖాతాలో నెలనెలా జీతం, దాని వెనకే ఆర్‌డీ కోత వరుసగా కనిపిస్తాయి. దరఖాస్తుకు వారం ముందు వచ్చి పడిన మూడు లక్షల కన్నా ఆ వరుసే అధికారికి నమ్మకం కలిగిస్తుంది. సెలవు మంజూరైనట్టు ఆఫీసు నుంచి ఉత్తరం తీసుకుని దానితో జత చేయండి. ఆ ఉత్తరం చేతికి వచ్చేదాకా తిరిగి డబ్బు రాని టికెట్లేవీ కొనకండి.