శెనక్కాయ చల్లరు పాపా

అనంతపురం

పాపా,

కథ చేరింది. మూడో పేజీలో ఆ తల్లి "చేలో శెనక్కాయ విత్తనాలు చల్లింది" అని రాశావు. కళ్యాణదుర్గం పక్క పల్లెలో పుట్టినదానివి, శెనక్కాయ చల్లడం యాడ చూశావు? వేరుశెనగ విత్తడానికి నేల పదును చూసి గొర్రు కడతారు. వెనక నడిచే ఆడమనిషి గొర్రు మీది జడ్డిగం గిన్నెలోకి గింజలు వదులుతుంది. సాలుకూ సాలుకూ మధ్య అడుగు, గింజకూ గింజకూ బెత్తెడు. రెండంగుళాల లోతు దాటితే మొలక పైకి రావడానికి ఆలస్యం. పైపైన పడితే ఎండకు పదును ఆరి మొలవనే మొలవదు. ఈ లెక్కంతా ఆమె వేళ్ళలో ఉంటుంది. 'చల్లింది' అని ఒక్క మాటతో నువ్వు అదంతా పారబోశావు.

పొట్టు చెదిరిన గింజలు ఏరి పిల్లకు పెట్టిన చోటు బాగుంది.

ఉత్తరంలో "నాకు రాయడం చేతనవుతుందా? ఐదో పేజీ 14 సార్లు చింపేశాను" అన్నావు. గింజలు ఏరిన పేజీని ఒక్కసారైనా చింపావా? చింపి ఉండవు, అది నువ్వు కళ్ళారా చూసిన సంగతి. ఐదో పేజీలో ఏముంది? "వానలు లేక పంట పోయింది." ఆ వెంటనే కన్నీళ్ళు. పంట ఎట్లా పోయిందో నీకు తెలియదు, చెయ్యి ఆడ్నే ఆగింది. దానికి నీ పుట్టుకనూ చదువునూ ఎందుకు ఆడిపోసుకుంటావు?

విత్తిన నెలకు అటూ ఇటూగా పూత పడుతుంది. పువ్వు వాడినాక దాని అడుగునుంచి ఊడ కిందికి దిగి, నేలలో దూరి కాయ కడుతుంది. ఆ రోజుల్లో వాన మొహం చాటేస్తే ఎర్రనేల గట్టిపడి ఊడ దిగదు. ఆనక వాన పడితే చెట్టు ఏపుగా లేస్తుంది. దారిన పోయేవాళ్ళు పంట బాగుందంటారు. పీకితే కింద కాయలుండవు. నీ కథలో తల్లి ఏడవక్కర్లేదు. ఒక చెట్టు పీకి, వేర్ల మన్ను దులిపి చూస్తే చాలు.

పత్రికలవాళ్ళు దీన్ని మెచ్చుతారని చెప్పను. సీమ కథంటే వాళ్ళకు పగిలిన నేలన్నా ఉండాలి, వేటకొడవలన్నా ఉండాలి. ఊడల గురించి రాసిన పేరాను 'వ్యవసాయ సమాచారం' అని కొట్టేసి, కరువును మాత్రం భద్రంగా అచ్చేసిన సంపాదకుణ్ణి నేనెరుగుదును. బొమ్మకు చోటు చాల్లేదని ముగింపు కోసేవాళ్ళ సంగతి సరేసరి.

"చేతనవుతుందా" అన్నదానికి నేనే కాదు, ఎవరూ జవాబు చెప్పలేరు. "ఏ వాక్యం దగ్గర ఆగాను?" అని అడుక్కో. ఆగినచోట చింపొద్దు. పెన్సిలుతో సున్నా చుట్టి, పక్కన తెలియని సంగతి ఒక్క ముక్కలో రాయి: 'పూత ఎప్పుడు?', 'గొర్రు ఎవరిది, బాడుగ ఎంత?' తర్వాతి వాక్యానికి పో. కథ చివరిదాకా ఇట్లాగే లాగు, మొదటి పేజీ వైపు తిరిగి చూడొద్దు. చాలామంది మొదటి పేజీనే దిద్ది దిద్ది, రెండోది రాయకముందే విసిగిపోతారు. రోజుకు అరపేజీ చాలు. ఐదు పేజీలని ఒట్టు పెట్టుకుంటే మూడోనాటికి బాకీ పడతావు, ఆ బాకీని చూసి మళ్ళీ "నాకు చేతకాదు" అంటావు. ఆ పూటకు ఆపేటప్పుడు వాక్యం సగంలో వదిలిపెట్టు, మర్నాడు కూర్చోగానే అందుకోవచ్చు.

కథ అయినాక సున్నాలన్నీ ఒక కాగితం మీద ఎత్తి రాసుకో. సగానికి మీ అమ్మ జవాబు చెబుతుంది. విత్తనం గురించీ తెగుళ్ళ గురించీ కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో అడగొచ్చు, ఊడలు దిగే నేలను మాత్రం చేలోకి పోయి చేత్తో పట్టి చూడు. ఆ తర్వాత రెండు వారాలు కథను పెట్టెలో పడేయి. తీసినప్పుడు పైకి చదువు. నాలుక తట్టుకున్నచోట గీత పెట్టు. అట్లాంటి చోట చాలాసార్లు 'హృదయవిదారకంగా' లాంటి మాట కూర్చుని ఉంటుంది, తీసేయి. ఈలోగా నలుగురికి చూపించొద్దు. నలుగురూ నాలుగు దిక్కులకు లాగుతారు.

కలం పేరు సంగతి అడిగావు, తర్వాత చూద్దాం.

రెండో ప్రతితో పాటు సున్నాలున్న మొదటి ప్రతి కూడా పంపు. టైపు చేయించొద్దు. ఎడమ పక్క రెండంగుళాల మార్జిను వదులు, ఈసారి నాకు రాయడానికి చోటు చాల్లేదు.