రోజుకి ఒక దిక్కు చాలు: మేనకోడలికి మావయ్య ఉత్తరం

చి. ల. సౌ. మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

మన శ్రీకాకుళం జిల్లాలో చూడాలని వాట్సాప్‌లో నువ్వు పంపిన జాబితా చూశానమ్మా. కళింగపట్నం, శాలిహుండం, శ్రీకూర్మం, అరసవల్లి, తేలినీలాపురం, బారువ... అన్నీ ఒక్క రోజులోనే? తెల్లారినప్పటి నుంచి చీకటి పడేదాకా కారులోనే కూర్చుంటారు. పిల్లలు ఫోన్ చూసుకుంటారు. ఆ మాత్రానికి హైదరాబాద్ నుంచి ఇంత దూరం రావడం ఎందుకు? రోజుకి ఒక దిక్కు పెట్టుకో, చాలు.

ముందుగా, మే సెలవుల్లో రావద్దు. ఎండ సంగతి అలా ఉంచు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. చేపల పులుసు మీద ఆశతో వచ్చిన అల్లుడుగారికి ఐసు చేపే గతి అవుతుంది. డిసెంబరులో రండి. సంక్రాంతి సెలవులైనా ఫర్వాలేదు గానీ రథసప్తమి దగ్గర పడితే అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడి వైపు చూడకు. చంటిదాన్ని ఎత్తుకుని ఆ క్యూలో నిలబడడం నీ వల్ల కాదు.

మొదటి రోజు కళింగపట్నం దిక్కు. శ్రీకాకుళంలో చీకటితోనే బయల్దేరితే సూర్యోదయానికి ఒడ్డున ఉంటారు. అక్కడ లైట్‌హౌస్ ఉంది, ఒకప్పటి రేవు తాలూకు ఆనవాళ్లు ఉన్నాయి. అసలు చూడాల్సింది మాత్రం వంశధార సముద్రంలో కలిసే మొగ. చూడు, ఫొటోలు తీసుకో, నీళ్లలోకి మాత్రం దిగనివ్వకు. మొగ దగ్గర ఇసుకమేట ఇవాళ ఉన్నచోట రేపు ఉండదు. మోకాలి లోతే కదా అనుకుని అడుగేస్తే కింద ఇసుక జారిపోతుంది, లోపలికి లాగేస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు మరీ ఎక్కువ. పిల్లలు తడవాలని పేచీ పెడితే మొగకు బాగా దూరంగా, అక్కడి జాలరుల్ని అడిగి, వాళ్లు సరేనన్నచోట పాదాలు తడుపుకోనివ్వండి. వాళ్లు వద్దంటే ఎదురు చెప్పొద్దు.

ఎండ ముదరకముందే శాలిహుండం కొండెక్కాలి. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారే 1919లో ఈ బౌద్ధ క్షేత్రాన్ని వెలుగులోకి తెచ్చారు. మన జిల్లావాళ్లకే చాలామందికి ఈ సంగతి తెలీదు. ఇటుకల స్తూపాల మధ్య నిలబడి చూస్తే కింద వంశధార కనిపిస్తుంది. పైన తినడానికేమీ దొరకదు, నీళ్లు, ఇడ్లీలు వెంట ఉంచుకో.

శ్రీకూర్మం గుడి మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి ఆలోపే చేరాలి. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు. గుడికి రెండు ధ్వజస్తంభాలు, తూర్పున ఒకటి, పడమర ఒకటి. స్తంభాల చెక్కడాలు ఒకదానిలా ఇంకొకటి ఉండదు, ఒకేలాంటివి ఉన్నాయేమో మీ పెద్దమ్మాయిని వెతకమను, అరగంట నిశ్శబ్దంగా ఉంటుంది. చిన్నదానికి నక్షత్ర తాబేళ్లు చాలు. వీపు మీద పసుపుపచ్చ గీతలు చుక్కల్లా విచ్చుకుని ఉంటాయి. ఆకుకూర వేస్తే మెడ చాచి, ఆకుని ముందు కాలితో తొక్కిపట్టి, తీరుబడిగా కొరుకుతాయి. ఏం వెయ్యొచ్చో అక్కడివాళ్లని అడుగు, బిస్కెట్లు మాత్రం వద్దు. అక్కణ్ణుంచి ఇంటికొచ్చి భోంచేసి పడుకోండి. అరసవల్లి ఊరికి ఆనుకునే ఉంది, సాయంత్రం వెళ్లొచ్చు. ఆదివారం కాకుండా చూసుకో.

రెండో రోజు టెక్కలి దాటి తేలినీలాపురం. చలికాలంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు అక్కడ ఊళ్లోని చింతచెట్ల మీద గూళ్లు పెడతాయి. వాటిని ఊరివాళ్లు పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. కాబట్టి చప్పట్లు, హారన్లు, కేకలు వద్దు. చెట్ల కింద నీచువాసన బాగానే ఉంటుంది, తెల్లబట్టలు వేసుకురాకు. బైనాక్యులర్ ఉంటే తెచ్చుకో, లేకపోతే పిల్లకి అక్కడ కనిపించేవి చుక్కలే.

వచ్చేటప్పుడు పలాసలో జీడిపప్పు కొనాలంటే ఇంకా ముందుకి పోవాలి, అంత పని లేదు. నాకు తెలిసిన కొట్లో ముందే తెప్పించి ఉంచుతాను. బారువ సముద్రతీరం ఈసారికి వదిలెయ్. అక్కడికి ఒక రోజంతా కావాలి.

టికెట్లు తీశాక తేదీలు చెప్పు, ఇక్కడి కారు మాట్లాడతాను. పిల్లలకి టోపీలు, పాత తువ్వాళ్లు రెండు, మార్చుకోడానికి ఒక జత బట్టలు మర్చిపోకు.

మీ మావయ్య