ఇంటి లోను: అడ్వాన్సు ఇచ్చే ముందే తేల్చుకోవాల్సినవి

ప్రశ్న: వేదాయపాళెంలో 20 అంకణాల్లో కట్టిన ఇల్లు 42 లక్షలకు బేరం కుదిరింది. మాకిదే మొదటి ఇల్లు. నా జీతం 48 వేలు. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు, 18 వేలు వస్తుంది. 90 శాతం లోను వస్తుందని ఏజెంటు అంటున్నాడు. అమ్మే ఆయనేమో దస్తావేజులో 30 లక్షలే రాద్దాం, మిగతాది చేతికివ్వండి, మీకూ రిజిస్ట్రేషన్ ఖర్చు కలిసొస్తుంది అంటున్నారు. ఒప్పుకోవచ్చా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: ఒప్పుకోకండి. ఆ మాటలో కలిసొచ్చేది ఆయనకే.

ముందు 90 శాతం సంగతి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల లోపు లోనుకే ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చు. లోను 30 దాటి 75 లక్షల వరకు అయితే 80 శాతమే. 42 లక్షల ఇంటికి గరిష్ఠంగా 33 లక్షల 60 వేలు. మిగతా 8 లక్షల 40 వేలు మీ చేతి డబ్బు. స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం అంటే ఇంకో 3 లక్షల 15 వేలు. ఇళ్ల ధర 10 లక్షలు దాటితే ఈ ఖర్చును ఇంటి విలువలో కలిపి లోను ఇవ్వరు. ప్రాసెసింగ్ ఫీజు, లాయరు, వాల్యుయేషన్ ఖర్చులు వేరే. పన్నెండు లక్షలు చేతిలో లేకుండా ఈ ఇంటికి దిగకండి.

ఇప్పుడు 30 లక్షలకే రాస్తే ఏమవుతుందో చూడండి. బ్యాంకు దస్తావేజు విలువ, తన ఇంజనీరు కట్టిన విలువ రెండింటిలో ఏది తక్కువైతే దాన్నే పట్టుకుంటుంది. మహా అయితే 27 లక్షలు వస్తాయి. రిజిస్ట్రేషన్‌లో 90 వేలు మిగులుతాయి, లోనులో 6 లక్షల 60 వేలు పోతాయి. ఇల్లు అమ్మిన డబ్బు 20 వేలకు మించి నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నేరుగా జరిమానాకు దారి. రేపు మీరు అమ్ముకునేటప్పుడు మీ కొనుగోలు ధర 30 లక్షలే అవుతుంది, లాభం మీద పన్ను పెరుగుతుంది. పైగా బేరం చెడితే చేతికిచ్చిన 12 లక్షలకు రుజువేదీ?

33.6 లక్షలకు 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు అనుకుంటే ఈఎంఐ దాదాపు 29,160. బ్యాంకులు సాధారణంగా అన్ని వాయిదాలూ కలిపి ఆదాయంలో సగం లోపు ఉండాలని చూస్తాయి. మీ ఒక్కరి 48 వేల మీద ఇది నిలవదు, ఇద్దరి 66 వేల మీద నిలుస్తుంది. అందుకే మీ ఆవిడను సహ రుణగ్రహీతగా చేర్చండి. ఆమె జీతం స్కూలువాళ్లు చేతికిస్తుంటే ఈ నెల నుంచే బ్యాంకు ఖాతాలో వేయించుకోండి. చేతికొచ్చే జీతాన్ని బ్యాంకు లెక్కలోకి తీసుకోవడం కష్టం. బండి లోను లాంటి చిన్న వాయిదాలుంటే ముందే తీర్చేయండి.

ఇంకొకటి. 20 అంకణాలంటే మన నెల్లూరు లెక్కలో 1,440 చదరపు అడుగులు, 160 గజాలు. తిరుపతి వైపు అంకణం 36 అడుగులే. అగ్రిమెంటులో గజాలూ నాలుగు వైపుల కొలతలూ రాయించండి. ప్లానుకు మించి లేపిన అంతస్తు ఉంటే దానికి విలువ వస్తుందని ఆశ పెట్టుకోకండి.

ప్రశ్న: ఒంగోలులో ఇంటికి 2 లక్షలు అడ్వాన్సు ఇచ్చాం. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) శుభ్రంగా ఉంది. అయినా బ్యాంకు లాయరు కాదంటున్నాడు. ఇల్లు అమ్మే ఆయనకు తండ్రి నుంచి వచ్చిందట.
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: లాయరు అడ్డుపడింది మీ మేలుకే. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. రిజిస్టరు కాని వీలునామా, తెల్లకాగితం మీద రాసుకున్న పంపకం, ఆడబిడ్డల హక్కు అందులో కనపడవు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆయన స్వార్జితం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమానంగా వస్తుంది. ఆయన తల్లి బతికుంటే ఆమెకూ వాటా ఉంటుంది. పెళ్లయి వెళ్లిపోయిన కూతురికి హక్కు లేదనుకోవడం దగ్గరే చాలా బేరాలు ఆగిపోతున్నాయి.

తహశీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తెప్పించమనండి. అందులో పేరున్న వాటాదారులందరూ అమ్మకం దస్తావేజులో సంతకం చేయాలి, లేదా ముందుగా హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు చేసి ఇవ్వాలి. దాంతోపాటు లింకు డాక్యుమెంట్ల (ఆ ఇంటి పాత దస్తావేజుల) అసళ్లు కళ్లతో చూడండి. జిరాక్సులే చూపిస్తుంటే అసళ్లు ఎక్కడో తాకట్టులో ఉన్నాయేమోనని అనుమానించాలి. సర్వే నంబరు నిషేధిత భూముల 22ఎ జాబితాలో ఉందేమో కూడా సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో అడగండి.

అగ్రిమెంటులో "టైటిల్ లోపం వల్ల లోను రాకపోతే అడ్వాన్సు పూర్తిగా వాపసు" అన్న వాక్యం ఉందా? లేకపోతే ఇప్పుడైనా గడువు తేదీతో అనుబంధ ఒప్పందం రాయించుకోండి. అది కుదిరేదాకా ఇంకో రూపాయి ఇవ్వొద్దు.

ప్రశ్న: 25 లక్షల లోను తీసుకున్నాం. ముందుగా కడితే జరిమానా ఉంటుందా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: వ్యక్తుల పేరిట, వ్యాపారానికి కాకుండా తీసుకున్న ఫ్లోటింగ్ వడ్డీ (రేటు మారుతూ ఉండే) లోనుకు ఉండదు. 8.5 శాతం, 20 ఏళ్లకు మీ వాయిదా 21,696 అనుకుంటే మొదటి నెల అందులో 17,708 వడ్డీకే పోతుంది, అసలుకు జమయ్యేది 3,988. అందుకే తొలి ఏళ్లలో కట్టేదే ఎక్కువ పనిచేస్తుంది. ఏడాదికి ఒక్క వాయిదా అదనంగా కట్టినా లోను దాదాపు మూడేళ్ల ముందే తీరుతుంది. కట్టేటప్పుడు ఈఎంఐ తగ్గించకుండా గడువు తగ్గించమని రాతపూర్వకంగా అడగండి.

తీరాక అసలు దస్తావేజులు 30 రోజుల్లో ఇవ్వాలి. బ్యాంకు తన తప్పుతో ఆలస్యం చేస్తే రోజుకు 5,000 చొప్పున మీకు చెల్లించాలి. తాకట్టు రిజిస్టరు అయి ఉంటే దాని రద్దు కూడా రిజిస్టరు చేయించి, కొత్త ఈసీలో అది పడిందని చూసుకోండి.