కూరగాయలకిచ్చిన ముంగిలి పొరుగువారి సొంతమవుతుందా?

ప్రశ్న: మాది కావలి. నాన్న పోయాక అమ్మను హైదరాబాదు తెచ్చుకున్నాం. ఇంటి ముందున్న 20 అంకణాల ఖాళీ స్థలంలో కూరగాయలు పండించుకోమని 2014 సంక్రాంతికి పక్కింటి బాబాయికి నోటిమాటగా చెప్పాం. గత నెల స్థలం అడిగితే, పన్నెండేళ్లు దాటాయి కనుక తనదేనన్నారు. అమ్మ దిగులుతో అన్నం ముట్టడం లేదు. జేసీబీతో చదును చేయించి గోడ కట్టేద్దామని మావారు అంటున్నారు.

జవాబు: మీ పక్కింటి బాబాయి మనసు మారిన తీరు గురించి మూడు పేజీలు రాశారు. కోర్టు అడిగేది ఒక్కటే: ఆయన మీ అనుమతితో ఆ స్థలంలోకి వచ్చారా, లేదా? అనుమతితో వస్తే అది 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం సెక్షన్ 52 కింద లైసెన్సు, అంటే వాడుకునే అనుమతి మాత్రమే. అలాంటి స్వాధీనం నలభై ఏళ్లు సాగినా హక్కుగా మారదు. కాలపరిమితి చట్టం 65వ అధికరణం చెప్పే పన్నెండేళ్లు, స్థలం తనదని ఆయన ఎదురు తిరిగిన రోజు నుంచే లెక్కకు వస్తాయి.

చిక్కంతా రుజువు దగ్గరే. ఇన్నేళ్లలో ఒక్క కాగితం రాయించుకోలేదు. పైగా ఇంటి పన్ను కూడా ఆయన చేతే కట్టించి, రసీదులు ఆయన దగ్గరే వదిలేశారు. ఇంత అజాగ్రత్త తగదు. మిమ్మల్ని కాపాడేది మీరు జతచేసిన 2019 నాటి వాట్సాప్ సందేశం: "అమ్మాయీ, బెండ మళ్లీ వేసుకోనా? స్థలం కావాలంటే చెప్పు, ఆపేస్తాను." కేసుకు ప్రాణం ఈ మాటలే. ఆ ఫోను మార్చకండి, ఎవరికీ ఇవ్వకండి. దాని ముద్రిత ప్రతి ఒక్కటే చాలదు. భారతీయ సాక్ష్య అధినియమం 2023 సెక్షన్ 63 ప్రకారం ఆ ఎలక్ట్రానిక్ రికార్డుకు సంబంధించిన ధ్రువపత్రం కూడా దాఖలు చేయాలి.

జేసీబీ మాట ఇంకెత్తకండి. బలవంతంగా ఖాళీ చేయిస్తే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద ఆయన ఆరు నెలల్లోపు దావా వేయవచ్చు. అందులో యాజమాన్యం ఎవరిదన్న విచారణే ఉండదు. తొక్కేసిన బెండ మొక్కల ఫొటోలు పట్టుకుని ఆయన పోలీసుల దగ్గరకు వెళ్తే, ముద్దాయిలయ్యేది మీరే.

అనుమతి రద్దు చేస్తూ, నిలిచి ఉన్న పంట కోసుకునేంత గడువిచ్చి, రిజిస్ట్రేషన్ సదుపాయంతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. సొరపందిరిని చూపించి అది శాశ్వత నిర్మాణమని, కనుక అనుమతి రద్దు చెల్లదని ఆయన వాదిస్తే బెదరకండి. నాలుగు కర్రలు పీకితే అది కిందికి వచ్చేస్తుంది. గడువు దాటినా కదలకపోతే, ఇల్లు నాన్నగారి పేరునే ఉంటే, అమ్మగారితో పాటు వారసులందరూ వాదులుగా కావలి కోర్టులో స్వాధీనం కోసం దావా వేయండి. జాప్యం చేయవద్దు. ప్రతికూల స్వాధీనం (యజమానికి ఎదురు తిరిగి పన్నెండేళ్లు స్థలాన్ని తనదిగా అనుభవించడం) పూర్తయిందని చెప్పుకునేవారు తామే దావా వేయవచ్చని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది.

నోటీసుకు ఆయన దిగివస్తే మళ్లీ పండించుకోనివ్వండి. ముంగిలి కంపచెట్లతో బీడుపడటం కంటే అది ఎంతో మేలు. అయితే ఈసారి స్టాంపు కాగితం మీద 11 నెలల గడువు రాసి, ఇద్దరూ సంతకాలు చేయండి. పన్ను మాత్రం మీరే కట్టండి.