బతుకమ్మ పాట మిక్స్ అయిపోయింది, సౌండ్ తక్కువ ఉందంటున్నారు, ఇంకా పెంచాలా?

ఇప్పుడే పెంచకండి. యూట్యూబ్‌లో పెట్టే ముందు కారులో పెన్‌డ్రైవ్ మీద విన్నారు, పక్కనే వేరేవాళ్ల పాట పెడితే మీది సన్నగా అనిపించింది, అందుకని లిమిటర్ (గట్టి చప్పుళ్లని ఒక హద్దు దగ్గర ఆపి, మొత్తం పాటని పైకి లేపే పనిముట్టు) ఇంకాస్త నొక్కాలా అని అడుగుతున్నారు, అంతే కదా. రెండేళ్ల కింద నల్లగొండలో, మా ఇంటి పైగదిలో నేనూ అచ్చం ఇదే చేసి పాట పాడుచేసుకున్నా.

మాదీ బతుకమ్మ పాటే. ఒక పెద్దమ్మ ఒంటిగొంతుతో వరుస ఎత్తుకుంటుంది, పదిహేను మంది ఆడవాళ్లు చప్పట్లతో "ఉయ్యాలో" అని అందుకుంటారు, ఆ అందుకున్నప్పుడు ఒళ్లు జలదరించాలి. పాట చేయించుకున్నాయన విని "డీజేల ఆగేటట్టు లేదన్నా, గట్టిగ కొట్టాలె" అన్నాడు. నేను నొక్కుకుంటూ పోయి మైనస్ 6 లఫ్స్ దాకా తెచ్చా. లఫ్స్ అంటే పాట చెవికి సగటున ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత, సున్నాకి దగ్గరైనకొద్దీ గట్టి. డిజిటల్‌లో సున్నా డీబీ (డెసిబెల్, చప్పుడు కొలత) పైన చోటు లేదు కాబట్టి గట్టి చప్పుడు అక్కడే ఆగిపోతుంది, కింద ఉన్నవన్నీ దాని పక్కకి వచ్చి నిలబడతాయి. ఒంటిగొంతూ పదిహేను గొంతులూ ఒకే ఎత్తుకి వచ్చేశాయి. మంట దగ్గర కాచి మరీ వాయించిన డప్పు అట్టపెట్టె మీద కొట్టినట్టయింది. వరుసకీ వరుసకీ మధ్య పెద్దమ్మ ఊపిరి, పై ఫ్యాను గుర్రుమనడం మాత్రం చక్కగా వినిపిస్తున్నాయి! ఆమె విని "అందరు ఒక్కసారే మీద పడ్డట్టున్నది బిడ్డా, నేనేడున్న ఇండ్ల?" అంది.

ఇంత చేస్తే యూట్యూబ్‌లో ఏమైందో చూడండి. కంప్యూటర్‌లో వీడియో మీద రైట్ క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ తెరిస్తే వాల్యూమ్ 100 శాతం, నార్మలైజ్డ్ 40 శాతం, కంటెంట్ లౌడ్‌నెస్ 8 డీబీ అని ఉంది. అంటే వాళ్ల హద్దు మైనస్ 14 లఫ్స్ కన్నా నా పాట 8 డీబీ గట్టిగా ఉందని, అక్కడికి దించేశారు. నేను పెంచిందంతా పోయింది, నలిగిన డప్పు మాత్రం మిగిలింది.

మనిషి చెవికి కొంచెం గట్టిగా ఉన్నదే బాగున్నట్టు తోస్తుంది, అందుకే కారులో పోల్చడం మోసం. పాట చేయించుకున్నాయనకి గట్టి వెర్షన్‌ని తగ్గించి, నొక్కకముందు దానితో సమానం చేసి రెండూ వినిపించా. ఆయనే పాతది ఉంచమన్నాడు.

అలాగని అసలు కంప్రెసరే (గట్టి, మెల్లటి చప్పుళ్ల మధ్య తేడా తగ్గించేది) వద్దనను. ఆర్టీసీ బస్సులో ఫోన్ స్పీకర్ మీద వినేవాళ్లకి మరీ మెల్లటి గొంతు వినబడదు, దాన్ని కొంచెం పైకి తేవాలి. నేను చివరికి మైనస్ 12 దగ్గర ఆపి, పీక్ (అన్నిటికన్నా గట్టి చప్పుడు) మైనస్ 1 డీబీ దాటకుండా చూసుకున్నా. డీజే బాక్సుల్లో పెన్‌డ్రైవ్ మీద తగ్గించేవాళ్లు ఎవరూ ఉండరు, అక్కడికి కాస్త గట్టి వెర్షన్ విడిగా చేసిచ్చా.

ఒకసారి అన్‌లిస్టెడ్‌గా (లింక్ ఉన్నవాళ్లకే కనిపించేలా) అప్‌లోడ్ చేసి ఆ కంటెంట్ లౌడ్‌నెస్ ఎంత చూపిస్తుందో ఇక్కడ చెప్పండి. యూట్యూబ్ గట్టిదాన్ని తగ్గిస్తుంది గానీ మెల్లగా ఉన్నదాన్ని పెంచదు, కాబట్టి అక్కడ మైనస్ 5, 6 డీబీ అని, అంటే వాళ్ల మైనస్ 14 కన్నా అంత కిందికి ఉందని వస్తే మాత్రం మీది నిజంగానే తక్కువుంది, అప్పుడు ఎక్కడ పెంచాలో చూద్దాం.