ఇంటర్ పాసైన పిల్లాడికి ఫౌండేషన్ ఇయర్ అవసరమా?

ప్రశ్న: మాది రాజాం దగ్గర పల్లె. అబ్బాయి ఇంటర్ ఎంపీసీలో 1000కి 712 తెచ్చుకున్నాడు. ఇంగ్లండ్‌లో కంప్యూటర్ సైన్స్ డిగ్రీకి ముందు ఒక ఏడాది ఫౌండేషన్ తప్పనిసరని, ఫీజు 18 వేల పౌండ్లని విశాఖలో కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. ఇప్పుడే డిపాజిట్ కట్టమంటున్నారు. అందుకు పొలం మీద అప్పు చేయాలి. కట్టమంటారా?

జవాబు: ఇప్పుడే కట్టకండి. ముందు మీరు పంపిన మెమో చూద్దాం. ఇంగ్లిష్, సంస్కృతం కలిపి 400కి 346, ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి 300కి 188, మ్యాథ్స్ 300కి 178. మీరు 71 శాతం అనుకుంటున్నారు. ఈ భాషల మార్కులు తీసేసి గ్రూపు సబ్జెక్టులే చూసే యూనివర్సిటీకి ఇది 61 శాతం, మ్యాథ్స్ ఒక్కటే చూస్తే 59. సంస్కృతంలో మార్కులు ఎలా వస్తాయో మనందరికీ తెలుసు, ఆ సంగతి వాళ్లకీ తెలుసు. పైగా చాలా బ్రిటిష్ యూనివర్సిటీలు సీబీఎస్ఈ, ఐఎస్‌సీ వాళ్లని అడిగేదానికంటే రాష్ట్ర బోర్డుల వాళ్లని 5 నుంచి 10 శాతం ఎక్కువ అడుగుతాయి. కాబట్టి పేరున్న చోట నేరుగా మొదటి ఏడాదిలో సీటు కష్టమే. కానీ "తప్పనిసరి" అన్న మాట మాత్రం నిజం కాదు.

ఫౌండేషన్ ఎందుకు వచ్చిందంటే, ఇంగ్లండ్ పిల్లలు డిగ్రీకి ముందు 13 ఏళ్లు చదువుతారు, మనవాళ్లు 12. ఆ తేడా పూడ్చడానికి పెట్టిన చదువు అది. పదకొండో తరగతి అయినవాళ్లు, పన్నెండులో మార్కులు తగ్గినవాళ్లు, గ్రూపు మార్చుకునేవాళ్లు చేరేది. పన్నెండు పూర్తిచేసినవాళ్లకి ఇంకో దారి ఉంది, దాని పేరు ఇంటర్నేషనల్ ఇయర్ వన్. అది డిగ్రీ మొదటి ఏడాదికి సమానం, పాసైతే నేరుగా రెండో ఏడాదిలోకి వెళ్తారు. ఫౌండేషన్‌తో మొత్తం నాలుగేళ్లు, దీనితో మూడేళ్లు. అంటే ఒక ఏడాది ఫీజు, ఒక ఏడాది తిండి, అద్దె మిగులుతాయి. మీ కన్సల్టెన్సీ దీని గురించి చెప్పారా? ఫౌండేషన్ కాలేజీలు ఏజెంట్లకు కమీషన్ ఇస్తాయన్నది గుర్తుపెట్టుకుని అడగండి. మ్యాథ్స్ 59 శాతం కాబట్టి ఇయర్ వన్‌కి కూడా కొన్ని చోట్ల కాదంటారు. కనీసం మూడు యూనివర్సిటీలకు మెమో స్కాన్ పంపి, నేరుగా వాళ్ల అడ్మిషన్ ఆఫీసు నుంచే రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి.

ఆఖరికి ఫౌండేషనే అయితే, ఏ కాలేజీలో అన్నదానికంటే పై ఏడాదిలోకి వెళ్లడానికి ఏం కావాలో ముందు చూడండి. "ప్రోగ్రెషన్ గ్యారంటీ", అంటే పై ఏడాదిలోకి తీసుకుంటామన్న హామీ, అని బ్రోషర్‌లో పెద్ద అక్షరాల్లో ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో మొత్తం ఇంత శాతం, మ్యాథ్స్‌లో ఇంత, ఇంగ్లిష్ మాడ్యూల్‌లో ఇంత అని ఉంటుంది. మనవాళ్లు ఎక్కువగా జారేది ఇంగ్లిష్ మాడ్యూల్‌లోనే. లెక్క చేయగలరు కానీ రెండు పేజీల వ్యాసం సొంతంగా రాయమంటే ఆగిపోతారు. ఒక యూనివర్సిటీకి చేసిన ఫౌండేషన్‌ని ఇంకో యూనివర్సిటీ ఒప్పుకుంటుందన్న నమ్మకం లేదు. ఫెయిలైతే ఏడాది పోయి, డబ్బు పోయి, వీసా కూడా చిక్కులో పడుతుంది.

ఇంగ్లిష్ పరీక్ష దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. ఫౌండేషన్ డిగ్రీ కంటే కింది స్థాయి కోర్సు కాబట్టి వీసాకి మామూలు ఐఈఎల్‌టీఎస్ చెల్లదు, "ఐఈఎల్‌టీఎస్ ఫర్ యూకేవీఐ" లాంటి, బ్రిటన్ వీసా విభాగం ఆమోదించిన పరీక్షే రాయాలి. వీసాకి నాలుగు విభాగాల్లోనూ కనీసం 4.0 చాలు, కాలేజీ అంతకంటే ఎక్కువే అడుగుతుంది. ఈ స్థాయి కోర్సులో చదువు రోజుల్లో వారానికి 10 గంటలే పని చేయనిస్తారు, డిగ్రీలో అయితే 20. "పార్ట్‌టైం చేసి ఫీజు కట్టుకుంటాడు" అన్న లెక్క మొదటి ఏడాదిలో కుదరదు.

డబ్బు చూపించే దగ్గర మన వైపు ఎక్కువ దరఖాస్తులు దెబ్బతింటాయి. కట్టాల్సిన మిగతా ఫీజుతో పాటు, లండన్ బయట అయితే ప్రస్తుతం నెలకు 1,171 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలలకు 10,539 పౌండ్లు వరసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. మధ్యలో ఒక్క రోజు తగ్గినా చెల్లదు. చేబదులు తెచ్చి వేసి ఇరవై రోజులకే తీసేస్తే అంతే సంగతులు. ఖాతా అబ్బాయిది గానీ తల్లిదండ్రులది గానీ అయ్యుండాలి. మేనమామ, తాతయ్య ఖాతాలు ఒప్పుకోరు. తల్లిదండ్రుల ఖాతా అయితే జనన ధ్రువపత్రం, మీ సమ్మతి పత్రం పెట్టాలి. అబ్బాయికి 18 నిండకపోతే అక్కడ ఎవరి సంరక్షణలో ఉంటాడో కూడా రాసివ్వాలి. అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం వీసాతో పాటు కట్టే హెల్త్ సర్‌ఛార్జ్ ఏడాదికి 776 పౌండ్లు, ఇది వేరే ఖర్చు.

మీ ప్రశ్నలో లేకపోయినా జర్మనీ గురించి చెప్పాలి. అక్కడ ఫౌండేషన్‌ని స్టూడియెన్‌కొలెగ్ అంటారు. రెండు సెమిస్టర్లు, ఇంజినీరింగ్ వైపు వాళ్లకి టీ-కుర్స్. ప్రభుత్వానిదైతే ట్యూషన్ ఫీజు లేదు. ప్రవేశ పరీక్ష మాత్రం జర్మన్‌లో ఉంటుంది, భాషలో కనీసం బీ1 స్థాయి, చాలాచోట్ల దానిపై స్థాయి బీ2 అడుగుతారు. ఖర్చులకు ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ ఖాతాలో (నెలకింత చొప్పునే తీసుకోనిచ్చే ఖాతా) పెట్టాలి, మన చదువు పత్రాలు సరైనవేనని చెప్పే ఏపీఎస్ సర్టిఫికెట్ కూడా ఉండాలి. కానీ ఇక్కడే బీటెక్‌లో ఒక ఏడాది అన్ని సబ్జెక్టులూ పాసైతే, అదే సబ్జెక్టులో స్టూడియెన్‌కొలెగ్ లేకుండా నేరుగా డిగ్రీకి అర్హత వస్తుంది. విజయనగరం జేఎన్‌టీయూ గురజాడ పరిధిలో ఏ కాలేజీలోనైనా చేరి, ఆ ఏడాదంతా సాయంత్రాలు జర్మన్ నేర్చుకోవచ్చు. నచ్చకపోతే బీటెక్ ఎలాగూ చేతిలో ఉంటుంది. మీ అబ్బాయి మార్కులకు, మీ పొలం మీద అప్పు చేయాల్సిన పరిస్థితికి నాకు ఇదే మేలనిపిస్తోంది.

ఏ దారి పట్టినా ఈ వారం చేయాల్సిన పని ఒకటే. పాస్‌పోర్టు, పదో తరగతి మెమో, జనన ధ్రువపత్రం పక్కపక్కన పెట్టి పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు స్పెల్లింగ్ అక్షరం అక్షరం సరిచూడండి. జనన నమోదే లేకపోతే ఇప్పుడు నమోదు చేయమనే అధికారుల ఆర్డర్ తెచ్చుకోవడానికే నెలలు పట్టొచ్చు. అది ముందు మొదలుపెట్టండి, డిపాజిట్ సంగతి తర్వాత.