టెక్ సందేహాలు: చీలమండ ఎంత వంగుతోందో వాచీకి తెలుస్తుందా?

ప్రశ్న: షటిల్ ఆడుతూ కుడి చీలమండ బెణికి రెండు నెలలైంది. వాపు, నొప్పి పోయాయి కానీ మెట్లు దిగేటప్పుడు ఆ కాలు బిగుసుకుపోయినట్టుంటోంది. ఎంత వంగుతోందో వారానికోసారి కొలిచి రాసుకోమని ఫిజియో చెప్పారు. నా స్మార్ట్‌వాచీని కాలికి కట్టుకుంటే సరిపోతుందా, లేక వేరే సెన్సర్ కొనాలా?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మారతహళ్లి, బెంగళూరు

ఏమీ కొనకండి. వాచీని కాలికి కట్టుకుంటే అడుగులు లెక్కపెడుతుందేమో గానీ మీకు కావలసిన డిగ్రీలు చూపించదు. అందులో కదలికల సెన్సర్లు లేక కాదు. భూమి ఎటు లాగుతోందో యాక్సెలరోమీటర్ పసిగడుతుంది, ఎంత వేగంగా తిరుగుతున్నామో గైరోస్కోప్ చెబుతుంది. రెండూ కలిసి తేల్చేది మాత్రం ఆ వాచీ ఎంత వాలి ఉందన్నదే. చీలమండ ఒక కీలు. తలుపు ఎంత తెరుచుకుందో చెప్పాలంటే తలుపొక్కటే చూస్తే చాలదు, గుమ్మం కూడా కనబడాలి. అందుకే ల్యాబుల్లో ఒక సెన్సర్ పాదం మీద, ఇంకోటి మోకాలి కింద ఎముక మీద కట్టి, రెండింటి వాలులో తేడా తీస్తారు.

మీ విషయంలో పాదం మీది సెన్సర్ పని నేలే చేస్తుంది. పాదం పూర్తిగా నేలకు ఆని ఉంటే దాని వాలు సున్నా అన్నట్టే. ఇక కొలవాల్సింది కాలి ఎముక వాలు ఒక్కటే, దానికి జేబులో ఫోన్ ఉంది. ఫైఫాక్స్ (phyphox) అనే ఉచిత యాప్ వేసుకోండి, ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ దొరుకుతుంది. జర్మనీలోని ఆకెన్ నగరంలో ఒక విశ్వవిద్యాలయం వాళ్లు ఫిజిక్స్ ప్రయోగాల కోసం తయారుచేశారు. అందులో వాలు కొలిచే ప్రయోగం ఉంటుంది. ఇల్లు కట్టే మేస్త్రీ చేతిలోని రసమట్టం అనుకోండి, కాకపోతే అంకెలు చెబుతుంది.

చెప్పుల్లేకుండా గోడకు ఎదురుగా నిలబడి, కొలిచే కాలు ముందు పెట్టండి. మోకాలి చిప్ప కింద తగిలే గట్టి బొడిపె దగ్గర నుంచి కిందికి ఎముక వెంబడి ఫోన్ పొడవాటి అంచు ఆనించి పట్టుకోండి. కాలు నిటారుగా ఉన్నప్పటి అంకె రాసుకోండి. తర్వాత మడమ లేవకుండా మోకాలిని గోడ వైపు వంచగలిగినంత వంచి, ఆ అంకె చూడండి. రెండింటి తేడాయే మీ లెక్క. పెద్దవాళ్లలో చాలామందికి ఇది 35 నుంచి 45 డిగ్రీల మధ్య వస్తుంది. మీరు మాత్రం జనం లెక్కతో పోల్చుకోకుండా మీ ఎడమ కాలితో పోల్చుకోండి.

దొంగలెక్క ఎక్కువగా మడమ దగ్గరే వస్తుంది. మనకు తెలియకుండానే బియ్యపుగింజంత లేస్తుంది, స్క్రీన్ మీద ఒకటి రెండు డిగ్రీలు ఊరికే కలిసొస్తాయి. మడమ కింద ఒక కాగితం ముక్క పెట్టి, వంగినప్పుడు ఇంట్లో ఎవరినైనా దాన్ని లాగమనండి. సులువుగా వచ్చేసిందంటే ఆ కొలత కొట్టేయండి. మోకాలు లోపలికి ఒరిగిపోకుండా రెండో కాలివేలి మీదుగా వెళ్లాలి.

నా అనుభవం ఒకటి చెప్పాలి. మొదటిసారి నాకు ఎడమ 41, కుడి 35 వచ్చింది. కుడికాలు ఎప్పుడు పాడైందా అని ఒక పూటంతా టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే ఫోన్ వీపును కాలికి ఆనించాను, ఒకసారి కెమెరా బొడిపె పైకి, ఇంకోసారి కిందికి ఉంది. అంచు ఆనించమన్నది అందుకే. ఫోన్ పెట్టే చోట పెన్నుతో గీత పెట్టుకుని, మూడుసార్లు కొలిచి సగటు రాయండి. రెండు మూడు డిగ్రీల తేడా వస్తే సంబరమూ వద్దు, దిగులూ వద్దు, అది చెయ్యి వణుకు. పొద్దున లేవగానే ఒకరోజు, ఆట అయ్యాక ఒకరోజు కొలిస్తే పోలికకు పనికిరాదు.

ఫోన్ కూడా వద్దనుకుంటే టేపు చాలు. మోకాలు గోడకు తాకుతూ, మడమ లేవకుండా, బొటనవేలు గోడకు ఎంత దూరం జరపగలరో చూడండి. ఒక్కో సెంటీమీటరు సుమారు 3.6 డిగ్రీలకు సమానమని ఫిజియోల లెక్క. నన్నడిగితే టేపే నమ్మకం. వంచేటప్పుడు నొప్పి పుడితే మాత్రం అక్కడితో ఆపి, ఫిజియోకి చెప్పండి.

ప్రశ్న: ఇంజినీరింగ్ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి ఎస్పీ రోడ్డులో రెండు ఎంపీయూ6050 మాడ్యూళ్లు (యాక్సెలరోమీటర్, గైరోస్కోప్ రెండూ ఉన్న చిన్న చిప్‌లు) కొన్నాం. ఒకటి బూటు మీద, ఒకటి పిక్క ముందు ఎముక మీద కట్టాం. కాలు కదపకపోయినా ఐదు నిమిషాల్లో కోణం పది డిగ్రీలు జరిగిపోతోంది. మాడ్యూల్ పోయిందా?
– ఒక విద్యార్థిని, యలహంక

మాడ్యూల్ బాగానే ఉంది. గైరోస్కోప్ కోణం చెప్పదు, సెకనుకు ఎన్ని డిగ్రీలు తిరుగుతోందో చెబుతుంది, మీ ప్రోగ్రాం దాన్ని కూడుకుంటూ పోతుంది. కదలకుండా ఉన్నప్పుడు సెకనుకు 0.03 డిగ్రీల తప్పున్నా 300 సెకన్లలో 9 డిగ్రీలవుతుంది. చిల్లర అప్పుకు వడ్డీ పెరిగినట్టు! ఆన్ చేయగానే ఐదు సెకన్లు కాలు కదపకుండా ఉంచి, అప్పుడు గైరోస్కోప్ చూపించిన అంకెల సగటును ప్రతి రీడింగులోంచి తీసేయండి. ఆపైన యాక్సెలరోమీటర్ కోణాన్ని కొద్దిగా కలపండి. గైరో 98 పాళ్లు, యాక్సెలరోమీటర్ 2 పాళ్లతో మొదలుపెట్టడం మామూలు. అడుగు నేలకు కొట్టినప్పుడు యాక్సెలరోమీటర్ అదిరిపోతుంది కాబట్టి దాని వాటా పెంచకండి.

పాదం పైకీ కిందికీ వంగే కోణానికి భూమి ఆకర్షణే ఆధారం, కాబట్టి ఈ చిప్‌లో దిక్సూచి లేకపోయినా నష్టం లేదు. పాదం కుడి ఎడమలకు తిరగడం కూడా కొలుస్తామంటే మాత్రం చిక్కే. దిక్సూచి ఉన్న చిప్ తెచ్చుకున్నా, కాలేజీ ల్యాబులో నేలలోని ఇనుప చువ్వలు దాన్ని తప్పుదోవ పట్టిస్తాయి. ఇంకో మాట, బూటు మీద మాడ్యూల్ తిన్నగా కూర్చోదు. నిటారుగా నిలబడ్డ భంగిమను సున్నాగా పెట్టుకుని, పాదాన్ని పదిసార్లు పైకీ కిందికీ ఆడించి, ఎక్కువ తిరుగుడు కనిపించే దిశనే కీలు అక్షంగా తీసుకోండి.

ప్రశ్న: అమ్మ ఐఫోన్‌లో నడక వంకర ఎంతో చూపించే లెక్క ఉందట. అది చూసి చీలమండ బిగుసుకుందో లేదో చెప్పొచ్చా? అమ్మ ఫోన్‌లో ఆ గ్రాఫ్ ఖాళీగా ఉంటోంది.
– ఒక గృహిణి, జేపీ నగర్

చెప్పలేం. రెండు కాళ్ల అడుగుల్లో తేడా ఉందని మాత్రమే అది చెబుతుంది. ఆ తేడా మోకాలి వల్లో, నడుము వల్లో, కొత్త చెప్పుల వల్లో దానికి తెలియదు. గ్రాఫ్ ఖాళీగా ఎందుకుందో నేను ఊహించగలను. ఆ లెక్కకు ఫోన్ నడుము దగ్గర, జేబులో ఉండాలి. చీరకు జేబెక్కడిది? ఫోన్ హ్యాండ్‌బ్యాగులో ఊగుతూ ఉంటుంది. సాయంత్రం పార్కులో నడిచేటప్పుడు నడుముకు చిన్న పౌచ్ కట్టుకోమనండి, వారం తర్వాత చూడండి.